భాషలన్నీ అల్లాహ్ నిదర్శనాలే

గత రమజాన్ మాసానికి కొద్ది రోజుల ముందు సంగతి. ఇషా నమాజు ముగిసి జనం ఇళ్ళకు వెళ్ళిపోయిన తర్వాత దేవరకొండ వైపు గ్రామానికి చెందిన ఒక యువకుడు మసీదు వరండాలో మా కోసం నిలబడి ఉన్నాడు. చేతిలో మడత పెట్టిన రెండు కాగితాలు. గల్ఫ్‌లో డ్రైవరు ఉద్యోగం దొరికిందని, పదిహేను రోజుల్లో విమానం ఎక్కాలని చెప్పాడు. "ఉస్తాద్, ఇందులో ఏముందో ఒక్కసారి చదివి చెప్పండి" అన్నాడు. కాగితం కుడి వైపు అరబ్బీ, ఎడమ వైపు ఇంగ్లీషు. అడుగున అతని సంతకం అప్పటికే ఉంది.

చదివాము. అందులో ఎక్కడా డ్రైవరు అనే మాట లేదు. గోదాములో సరుకు ఎత్తి దించే కూలి పని అని ఉంది. అతడికి నోటి మాటగా చెప్పిన జీతానికి, కాగితం మీద ఉన్న జీతానికి చాలా తేడా ఉంది. రెండేళ్ళ గడువు. మధ్యలో వదిలి వస్తే తిరుగు ప్రయాణం ఖర్చు అతడిదే. సంతకం చేసే ముందు ఈ సంగతి అతడికి ఎవరూ చెప్పలేదు. అతడూ ఎవరినీ అడగలేదు.

ఇలాంటి మోసాల గురించి వింటూనే ఉన్నాము. కాని ఆ రాత్రి మా మనసును కలచివేసిన సంగతి వేరే ఉంది. ఆ యువకుడు మా శిష్యుడే. చిన్నప్పుడు నాలుగేళ్ళపాటు మా మక్తబ్‌లో ఖాయిదా మొదలుకొని దివ్య ఖుర్‌ఆన్ నాజిరా వరకు మా దగ్గరే చదివాడు. "ఇది అరబ్బీయే కదా బేటా, నువ్వు చదవగలవు కదా!" అన్నాము. "జబర్, జేర్, పేష్ లేవు కదా ఉస్తాద్" అని తల దించుకున్నాడు. అవి ఉంటే మాత్రం అర్థం తెలిసేదా అని మేము అడగలేదు. అడిగితే ఆ ప్రశ్న తిరిగి మాకే తగిలేది. నాలుగేళ్ళు అరబ్బీ అక్షరాలు చదివించాము గాని, ఒక్క అరబ్బీ వాక్యానికి అర్థం చెప్పలేదు. లోపం పిల్లవాడిది కాదు, మాది.

అంతర్జాతీయ భాషలు, అంతర్జాతీయ దృక్పథం అనే మాటలు ఈ మధ్య తరచుగా వినిపిస్తున్నాయి. అవి పెద్ద పట్టణాల వారికి, పెద్ద ఫీజులు కట్టగలవారికి సంబంధించినవని మనం అనుకుంటున్నాము. కాని ప్రపంచం ఏనాడో మన గడప లోపలికి వచ్చి కూర్చుంది. మన పిల్లలు దాని భాషను చదవలేక, వేలు చూపించిన చోట సంతకం పెడుతున్నారు. కనుక ఇది ప్రతి ముస్లిం కుటుంబం ఆలోచించవలసిన విషయం.

ఇళ్ళలో పరిస్థితి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మన పిల్లల చదువులను కాస్త పరిశీలించండి. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. వీధిలో, బజారులో తెలుగు. మక్తబ్‌లో అరబ్బీ. బడిలో ఇంగ్లీషు మీడియం. వీటికి తోడు టీవీలో, ఫోనులో హిందీ. పదేళ్ళ పిల్లవాడి చెవిలో రోజూ అయిదు భాషలు పడుతున్నాయి. ఇది అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అవకాశం. ఎన్నో దేశాల పిల్లలకు ఇలాంటి అవకాశం లేదు.

కాని జరుగుతున్నదేమిటి? ఉర్దూ మాట్లాడతారు, చదవడం రాదు. తెలుగు మాట్లాడతారు, నాలుగు పంక్తులు తప్పుల్లేకుండా రాయలేరు. అరబ్బీ ఉచ్చరిస్తారు, అర్థం తెలియదు. ఇంగ్లీషు పుస్తకాలు మోస్తారు, పాఠాన్ని బట్టీ పట్టి అప్పజెబుతారు. అయిదు భాషలు చెవిన పడుతున్నా ఏ ఒక్క భాషలోనూ సొంతంగా ఆలోచించి ఒక పేజీ రాయలేని స్థితి. నానమ్మ దగ్గరున్న ఉర్దూ ఉత్తరాన్ని మనవరాలు చదవలేదు. మండలాఫీసు నుంచి వచ్చిన తెలుగు నోటీసును కొడుకు చదివి తండ్రికి చెప్పలేడు. రెంటికి చెడ్డ రేవడి అని మన పెద్దలు అన్నది ఇలాంటి స్థితినే.

ఇంగ్లీషు మీడియం తప్పు అని మా ఉద్దేశం కాదు. ఇంగ్లీషు ఈనాడు తప్పనిసరి. అయితే కింద రాయి వేయకుండా మీద గోడ కడితే అది నిలవదు. ఇంటి భాషలో చదివి అర్థం చేసుకునే అలవాటు పడిన పిల్లవాడికి, కొత్త భాషలో మాటలు మాత్రమే కొత్త. అర్థం చేసుకునే పద్ధతి అతడికి ముందే తెలుసు. ఆ అలవాటు లేని పిల్లవాడికి ప్రతి భాషా చిలకపలుకే అవుతుంది.

మన మాటల్లోనే ఉన్న ప్రపంచం

మళ్ళీ ఆ కాగితాల దగ్గరికి వద్దాము. అందులోని అరబ్బీ మాటలు కొన్ని చూడండి. ఒప్పందానికి 'అక్ద్' అని ఉంది. నికాహ్ మజ్లిసులో మనం వినే మాటే ఇది. పక్షానికి 'తరఫ్'. గడువుకు 'ముద్దత్'. నిబంధనకు 'షర్త్'. పూచీ పడే యజమానికి 'కఫీల్'. ఉర్దూ చదవడం వచ్చిన పిల్లవాడికి ఇందులో కొత్త మాట ఏదీ లేదు. జబర్, జేర్ లేకుండా చదవడం కూడా ఉర్దూ వచ్చినవాడికి కష్టం కాదు. ఎందుకంటే ఉర్దూ పుస్తకాలు అచ్చయ్యేది అలాగే. ఆ యువకుడికి నాలుగేళ్ళలో కాస్త ఉర్దూ చదువు కూడా చెప్పి ఉంటే, కాగితంలో సగమైనా తనంతట తానే గ్రహించి ఉండేవాడు.

ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు కూడా మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. వారి పిల్లలకు కూడా ఈ దారి మూసుకుపోలేదు. షరతు, తరఫు, హక్కు, వకీలు, తారీఖు, జవాబు, కలం, హాజరు, ఖాళీ, అసలు... ఇవన్నీ అరబ్బీ నుంచి నడిచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలే. 'కితాబు' అనే మాటనే తీసుకోండి. టర్కీవారు 'కితాప్' అంటారు. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ మాట్లాడేవారు 'కితాబు' అనే అంటారు. మలయా, ఇండోనేషియాల్లో 'కితాబ్' అంటారు. నాగర్‌కర్నూలు సంతలో పిల్లవాడు పలికే ఒక మాట మూడు ఖండాల్లో చెల్లుతుందని తెలిస్తే ఆ పిల్లవాడి కళ్ళు ఎలా మెరుస్తాయో మేము తరగతి గదిలో చూశాము.

అయితే ఇక్కడ జాగ్రత్త కూడా అవసరం. ఒకే మాట దేశం మారితే అర్థం మార్చుకుంటుంది. మన ఉర్దూలో 'ఇజాజత్' అంటే అనుమతి. అరబ్బు దేశాల ఉద్యోగ పత్రంలో 'ఇజాజా' అంటే సెలవు. ఉర్దూలో 'రాతిబ్' అనేది పశువులకు రోజూ వేసే మేత, దాణాకు వాడే మాట. అక్కడ 'రాతిబ్' అంటే నెల జీతం! కనుక మాట తెలిసినంత మాత్రాన భాష వచ్చినట్టు కాదు. తెలిసిన మాట ఆసరాతో తెలియని భాషను శ్రద్ధగా నేర్చుకోవాలి.

ధర్మం ఏం చెబుతోంది?

దివ్య ఖుర్‌ఆన్‌లోని 'రూమ్' సూరా 22వ ఆయత్‌లో భూమ్యాకాశాల సృష్టితో పాటు మానవుల భాషల్లోని, రంగుల్లోని వైవిధ్యాన్ని కూడా అల్లాహ్ తన నిదర్శనాల్లో ఒకటిగా పేర్కొన్నాడు. ఈ ఆయత్‌ను శ్రద్ధగా ఆలోచిస్తే, ఏ భాషనూ చిన్నచూపు చూసే హక్కు విశ్వాసికి లేదని తెలుస్తుంది. సూర్యచంద్రులను చూసి సృష్టికర్తను స్మరించే మనం, పొరుగువాడి భాష విని కూడా ఆయన్ను స్మరించాలి. 'హుజురాత్' సూరా 13వ ఆయత్ మానవులను జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని బోధిస్తోంది. భాష తెలియకుండా పరిచయం ఎలా సాధ్యం? 'ఇబ్రాహీమ్' సూరా 4వ ఆయత్ ప్రకారం ప్రతి ప్రవక్తా తన జాతి ప్రజల భాషలోనే సందేశం అందించాడు. అంటే దైవ సందేశానికి కూడా ప్రజల భాషే వాహనమయింది.

మహాప్రవక్త ముహమ్మద్ (స) మదీనాలో ఉన్నప్పుడు యూదుల నుంచి లేఖలు వస్తుండేవి. వాటిని చదవడానికి, జవాబు రాయడానికి వారి లిపిని నేర్చుకొమ్మని యువకుడైన జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆదేశించారు. ఆయన పదిహేను రోజుల్లో నేర్చుకున్నట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. గమనించండి. లేఖ ఇతరుల చేత చదివించుకుని, వారు చెప్పినదే నమ్మే స్థితిలో తన సమాజం ఉండకూడదని ప్రవక్త (స) భావించారు. మన యువకుడి చేతిలోని కాగితానికి ఈ హదీసుకు ఎంత దగ్గరి సంబంధం ఉందో చెప్పనక్కర లేదు.

రాజులకు లేఖలు పంపాలని సంకల్పించినప్పుడు, ముద్ర లేని లేఖను రోమన్లు చదవరని సహచరులు విన్నవించారు. వెంటనే ప్రవక్త (స) వెండి ఉంగరం మీద ముద్ర చేయించారు. ఎదుటివారి పద్ధతిని గౌరవించి, వారికి తెలిసే రీతిలో మాట చెప్పడం అంటే ఇదే. అబిసీనియాకు వలస వెళ్ళిన ముస్లిముల తరఫున క్రైస్తవ రాజు నజాషీ ఎదుట నిలబడిన జాఫర్ (రజి) వినిపించినది మర్యమ్ సూరాలోని భాగం. ఆ సభలోని వారి హృదయాలకు ఏది దగ్గరిదో ఆయనకు తెలుసు. పరదేశంలో ఎలా మాట్లాడాలో నేర్పే పాఠం ఇంతకంటే ఏముంటుంది?

చదువు కోసం చైనాకైనా వెళ్ళమనే ఒక మాటను మన సభల్లో హదీసుగా తరచుగా చెబుతుంటారు. హదీసు విద్వాంసులు దాని పరంపర బలహీనమని తేల్చారు. అందుకే మేము దాన్ని ఆధారంగా చూపడం లేదు. ప్రామాణికమైన ఆధారాలు ఇన్ని ఉండగా బలహీనమైన దాని అవసరం మనకు లేదు.

మన గడ్డ మీద

ఈ ఎర్రమట్టి, రాళ్ళగుట్టల ప్రాంతం ప్రపంచానికి దూరంగా ఉండిపోయిందనే అభిప్రాయం ఒకటుంది. అది పొరపాటు. రెండు వేల ఏళ్ళనాటి రోమన్ వెండి నాణేలు నల్లగొండ జిల్లాలో భూమిలో దొరికాయి. నారాయణపేట బజారులో ఈనాటికీ తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. పాలమూరు కూలీలు ఊళ్ళకు ఊళ్ళు కదిలి దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టారు. బడి ముఖం చూడని ఆ కూలీలు ఏ రాష్ట్రంలో పని చేస్తే ఆ రాష్ట్రపు మాట నేర్చుకుని వచ్చారు. భాష నేర్చుకునే శక్తి మన ప్రాంతపు మనుషుల్లో ఉన్నదే. కొరవడినది దాన్ని చదువుగా మలిచే ఏర్పాటు మాత్రమే.

చదువుగా మలుచుకున్నవారు ఎలా ఎదిగారో చూడాలంటే బూర్గుల రామకృష్ణారావును చూడాలి. ఆయన 1899లో మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి ప్రాంతంలోని పడకల్ గ్రామంలో జన్మించారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఫార్సీ, ఇంగ్లీషు, మరాఠీ భాషలు నేర్చారు. ఫార్సీ సాహిత్యాన్ని తెలుగువారికి పరిచయం చేశారు. 1952 నుంచి 1956 వరకు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా, ఆ తర్వాత కేరళ, ఉత్తరప్రదేశ్‌లకు గవర్నరుగా పనిచేశారు. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ ప్రజలున్న రాష్ట్రాన్ని నడపడానికి ఆయనకు ఆ భాషలే అక్కరకు వచ్చాయి. గద్వాల ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి కూడా ఉర్దూ, ఫార్సీ చదివినవారే. 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు.

ఇక్కడ మనం ఒక నిజం ఒప్పుకోవాలి. నిజాం పాలనలో ఉర్దూకు పెద్దపీట వేశారు. తెలుగు పిల్లలకు తమ భాషలో పైచదువు అందలేదు. ఇంటి భాష బడి గడప బయట ఆగిపోతే ఆ పిల్లలకు కలిగే బాధ ఏమిటో ఈనాడు ఉర్దూ పిల్లలను చూసి మనం తెలుసుకుంటున్నాము. నాడు వారి బాధను మనం గుర్తిస్తేనే నేడు మన బాధ చెప్పుకునే అర్హత మనకుంటుంది. న్యాయం విషయంలో తనవాడు, పరాయివాడు అనే తేడా ఉండకూడదన్నదే ఇస్లాం బోధ.

ఇదే సందర్భంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం నేర్పిన పాఠాన్ని కూడా మరువరాదు. 1918లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం వంటి చదువులన్నీ ఉర్దూలో చెప్పారు. ఇందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి, వందలాది గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. అయితే ఇంగ్లీషును విడిచిపెట్టలేదు. దాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచారు. దేశీయ భాషలో అర్థం చేసుకోవడం, ప్రపంచ భాషలో సంబంధం పెట్టుకోవడం, ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ విశ్వవిద్యాలయపు ఒక విద్యార్థి జీవితం చెబుతుంది.

డాక్టర్ హమీదుల్లా జీవితం

డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1908లో హైదరాబాద్‌లో జన్మించారు. 1876లో నెలకొల్పిన జామియా నిజామియా మదర్సాలో చదివారు. ఆ తర్వాత ఉస్మానియాలో ఎం.ఏ., ఎల్‌ఎల్.బి. పూర్తి చేశారు. అక్కడి నుంచి జర్మనీకి వెళ్ళి బాన్ విశ్వవిద్యాలయంలోనూ, ఫ్రాన్స్‌కు వెళ్ళి పారిస్‌లోని సోర్బాన్‌లోనూ డాక్టరేట్లు పొందారు. తిరిగి వచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. ఇస్లామీ న్యాయశాస్త్రంలో దేశాల మధ్య సంబంధాల గురించి ఏముందన్నది ఆయన జీవితకాల పరిశోధన. మదీనాలో ప్రవక్త (స) యూదులతో సహా అన్ని వర్గాల మధ్య రాయించిన ఒడంబడికను ప్రపంచంలోని మొదటి లిఖిత రాజ్యాంగంగా పండితలోకం ముందుంచారు.

1948 తర్వాత ఆయన పారిస్‌లో స్థిరపడ్డారు. అర్ధశతాబ్దం దాదాపు అక్కడే గడిపారు. హమ్మామ్ బిన్ మునబ్బిహ్ సంకలించిన అతి ప్రాచీన హదీసు సంపుటి రాతప్రతులను డమాస్కస్, బెర్లిన్ గ్రంథాలయాల్లో వెలికితీసి ప్రచురించారు. 1959లో దివ్య ఖుర్‌ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించారు. ఫ్రెంచి వారికోసం ఫ్రెంచిలో రెండు సంపుటాల ప్రవక్త (స) జీవిత చరిత్ర రాశారు. టర్కీలో ఏళ్ళ తరబడి బోధించారు. అరబ్బీ, ఉర్దూ, ఫార్సీ, టర్కీ, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ భాషల్లో ఆయనకు చక్కని ప్రవేశం ఉండేది. 1980లో బహావల్‌పూర్‌లో పన్నెండు ఉపన్యాసాలు ఇవ్వవలసి వచ్చినప్పుడు, ముప్ఫై ఏళ్ళకు పైగా పారిస్‌లో ఉన్న ఆ వృద్ధుడు తన చిన్ననాటి ఉర్దూలోనే ధారాళంగా మాట్లాడారు. ఆ ఉపన్యాసాల పుస్తకం ఈనాటికీ ఉర్దూ ఇళ్ళలో చదవబడుతోంది. 2002 డిసెంబరు 17న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఆయన పరమపదించారు.

హమీదుల్లా గారి జీవితంలో మన పిల్లలకు చెప్పవలసిన విషయం ఆయనకు ఎన్ని భాషలు వచ్చన్నది కాదు. మదర్సా ఆయనకు అడ్డుగోడ కాలేదు, పునాది అయింది. ఉర్దూ మాధ్యమం ఆయన్ను హైదరాబాద్‌లో కట్టిపడేయలేదు. పారిస్ ఆయన చేత నమాజును గాని, మాతృభాషను గాని మరపించలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమని తెలుగు పెద్దలు చెప్పిన సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు.

అంతర్జాతీయ దృక్పథం అంటే?

విదేశీ వీసా సంపాదించడమే అంతర్జాతీయ దృక్పథం కాదు. ముప్ఫై ఏళ్ళు గల్ఫ్‌లో ఉండి కూడా పక్క గదిలోని బంగ్లాదేశ్ కార్మికుడి ఊరి పేరు తెలుసుకోనివారు ఉన్నారు. నల్లగొండ దాటకుండానే ప్రపంచంలోని కష్టసుఖాలను అర్థం చేసుకునేవారూ ఉన్నారు. ఇతరుల మాటను వారి నోటి నుంచే విని, న్యాయంగా తూచగలగడం ఈ దృక్పథానికి మొదటి మెట్టు. ఏ వార్తనైనా విచారించకుండా నమ్మరాదని 'హుజురాత్' సూరాలోనే హెచ్చరిక ఉంది. ఫోనులో వచ్చిన ప్రతిదాన్నీ ముందుకు పంపే ఈ రోజుల్లో, ఒకే వార్తను రెండు మూడు భాషల్లో చదివి పోల్చుకోగల విద్యార్థి మోసపోడు, ఇతరులను మోసగించడు.

రెండవ మెట్టు పొరుగువారితో మొదలవుతుంది. తెలుగు మనది కాదనే భావం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. ఇది మహా పొరపాటు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా కలవారు 8 కోట్ల 11 లక్షల మంది, ఉర్దూ కలవారు 5 కోట్ల 7 లక్షల మంది. మన అదృష్టం కొద్దీ ఈ రెండు మహాసముద్రాల ఒడ్డున మనం పుట్టాము. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగులో మహాకవిగా పేరు పొందారు, ఫార్సీ కవిత్వాన్ని తెలుగు చేశారు. మరోవైపు చిలుకూరి నారాయణరావు అనే పండితుడు దివ్య ఖుర్‌ఆన్‌ను తెలుగులోకి అనువదించారు. పక్కింటి భాష నేర్చుకోలేనివాడు పరదేశపు భాషను ప్రేమతో ఎలా నేర్చుకోగలడు?

ఇప్పుడేం చేయాలి?

ముందుగా మక్తబ్‌ల బాధ్యత. నాజిరా, తజ్వీదు తప్పక చెప్పాలి. దానితో పాటు రోజుకు పదిహేను నిమిషాలు అర్థానికి కేటాయించాలి. నమాజులో పిల్లవాడు చదివే చిన్న సూరాలతో మొదలుపెట్టి, ఒక్కొక్క మాటకు ఉర్దూలోనో తెలుగులోనో అర్థం చెప్పాలి. రోజుకు మూడు మాటలైతే ఏడాదికి సుమారు వెయ్యి మాటలు. ఖుర్‌ఆన్‌లో ఆ మాటలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. కనుక శ్రమ వృథా పోదు.

రెండవది తల్లిదండ్రుల బాధ్యత. రాత్రి భోజనం తర్వాత అరగంట ఫోన్లు పక్కన పెట్టి పిల్లల చేత ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఉర్దూ గట్టిగా చదివించండి. మీకు చదువు రాకపోయినా వినండి. చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పమనండి. నెలకొకసారి దూరాన ఉన్న బంధువుకు ఉత్తరం రాయించండి. ఇంట్లో ఒక ప్రపంచ పటం తగిలించండి. చిన్నాన్న పనిచేసే దేశం ఎక్కడుంది, హజ్ యాత్రికుల విమానం ఏ సముద్రం దాటుతుంది అని పిల్లవాడిచేత వేలు పెట్టి చూపించండి.

ఆడపిల్లలను ఇందులో వెనుక ఉంచరాదు. విశ్వాసుల మాత హఫ్సా (రజి)కు షిఫా బిన్త్ అబ్దుల్లా (రజి) అనే సహాబియా రాయడం నేర్పారు. ఈ రోజు తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలు ఉన్నాయి. 2016లో మొదలైన ఈ ఇంగ్లీషు మీడియం బడుల్లో బాలికలకు ప్రత్యేకంగా ఎన్నో ఉన్నాయి. ఇంగ్లీషు అక్కడ నేర్చుకుంటారు. ఉర్దూ, తెలుగు చదువు సెలవుల్లో మరుగున పడకుండా ఇల్లు చూసుకోవాలి.

మూడవది, ఇంటర్ దాటిన విద్యార్థులు ఒక ప్రపంచ భాషను ఎంచుకుని పట్టుదలతో నేర్చుకోవాలి. ఐక్యరాజ్యసమితికి ఆరు అధికార భాషలున్నాయి. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్, రష్యన్, చైనీస్, అరబ్బీ. 1973 డిసెంబరు 18న ఆరవ భాషగా అరబ్బీ చేరింది. మన పిల్లలు అయిదేళ్ళ వయసులోనే దాని అక్షరాలు దిద్దుతున్నారన్న సంగతి మరువకండి. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో అరబ్బీ, ఫ్రెంచి, జర్మన్, జపనీస్ వంటి భాషలు నేర్పుతారు. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో మదర్సా విద్యార్థులు ఆధునిక చదువుల్లోకి రావడానికి బ్రిడ్జి కోర్సులున్నాయి. నర్సింగు చదివినవారికి జర్మన్, జపనీస్ భాషలు నేర్పించి విదేశాలకు పంపే పనిని తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ చేపట్టింది. విదేశాల్లో పైచదువులకు వెళ్ళే మైనారిటీ విద్యార్థుల కోసం 2015లో ప్రవేశపెట్టిన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద సాయం తర్వాతి కాలంలో 20 లక్షల రూపాయల వరకు పెరిగింది. అయితే ఇంగ్లీషు పరీక్షలో తగిన మార్కులు లేకుంటే ఆ తలుపు తెరుచుకోదు. చివరి ఏడాది కోచింగుతో వచ్చేది కాదు ఆ భాష. చిన్నప్పటి నుంచి చదివే అలవాటుతోనే వస్తుంది.

నాలుగవది మసీదు కమిటీల బాధ్యత. వారానికి ఒక రోజు ఇషా తర్వాత, భాషలు తెలిసిన ఇద్దరు చదువరులు మసీదులో కూర్చుని, విదేశాలకు వెళ్ళేవారి కాగితాలు ఉచితంగా చదివి పెట్టే ఏర్పాటు చేయవచ్చు. పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడవచ్చు. ఇందుకు చందాలు అవసరం లేదు, భవనాలు అవసరం లేదు. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయరాదన్న ఒక్క మాట ప్రతి ఇంటికీ చేరితే చాలు.

మా శిష్యుడు ఆ ఉద్యోగానికి వెళ్ళలేదు. కట్టిన డబ్బులో సగమే తిరిగి వచ్చింది. మిగతా సగం అప్పుగా మిగిలింది. ఇప్పుడు ఇక్కడే ఆటో నడుపుతున్నాడు. రమజాన్ ముగిసిన తర్వాత మా దగ్గర రాత్రి పూట ఒక చిన్న తరగతి మొదలయింది. ఖుర్‌ఆన్ మాటల అర్థం, ఉర్దూ చదవడం, కొంచెం వాడుక అరబ్బీ. ఆటో దిగి వచ్చి అతడు ముందు వరుసలో కూర్చుంటున్నాడు. తన కొడుకును కూడా పక్కన కూర్చోబెట్టుకుంటున్నాడు. మొన్న ఒక రాత్రి ఫాతిహా సూరాలోని ప్రతి మాటకు అర్థం పూర్తయింది. "ఇన్నేళ్ళూ రోజూ ఇదేనా ఉస్తాద్, నేను అడుగుతున్నది!" అన్నాడు అతడు. మాకు మాట రాలేదు.

సోదర సోదరీమణులారా! మన పిల్లల నాలుకల మీద అల్లాహ్ ఇన్ని భాషలు పెట్టాడు. వాటికి అర్థం జోడించే పని మనకు అప్పగించాడు. రేపు ఆయన సన్నిధిలో ఈ అమానతు గురించి కూడా ప్రశ్న ఉంటుంది. ఇంటి భాషలను గౌరవించి, పొరుగు భాషను ప్రేమించి, ప్రపంచ భాషలను శ్రద్ధగా నేర్చుకునే తరాన్ని తీర్చిదిద్దే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.